ఏడో మాట

సరూర్‌నగర్ చెరువు వెనక గల్లీలో, తెలుగు పంతులుగా రిటైరైన బిక్షమయ్య ఇల్లు. ఆయనకెదురుగా కాగితాలు ముందేసుకుని మృదుల. చదివి వినిపించిన మాటలను మనుషులు ఎలా గుర్తు తెచ్చుకుంటారో లెక్కగట్టే పరిశోధన ఆమెది.

"గొడుగు, రైలు... నిచ్చెన, చెంబు. ఆఁ, సబ్బు. గంతే తల్లీ."

"సబ్బు నేను చదవలేదండి మాస్టారూ."

"చదువలేదా?"

"లేదండి. మొదటి జాబితాలో జీలకర్ర అన్నారు, రెండో దాన్లో వక్కపొడి. అవీ లేవు. లేని మాట ఇలా వచ్చిపడటం మామూలే, మేం ఇంట్రూజన్ అంటాం."

"చొరబాటు అనమ్మా. తెలుగుల మాటున్నది."

"సరేనండి, చొరబాటు. కానీ మీకు ప్రతిసారీ కిరాణా సామానే చొరబడుతోంది."

"ఎతుకుతున్న గద. గందుకే."

"ఏం వెతుకుతున్నారు?"

"ఏం లేదు. ఇంకో జాబితా చదువు."

"అయిపోయాయండి. మూడే."

"మరి నీ లెక్క ఏమంటది? పంతులుకు మతి పోయిందంటదా?"

"అయ్యో, లేదండి! మీరూ అందరిలాగే. మొదటివి చెప్పారు, చివరివి చెప్పారు, మధ్యవి జారిపోయాయి. ఒక మాట తడితే దాని పక్క మాట తడుతుంది, అదీ ఎక్కువగా తర్వాతిది. ఎంత ఎక్కువగా అన్నదే మేం సూత్రంలో పెట్టేది."

"అంటే, పోయిన మాట దొరుకుతదా?"

"ఎక్కడ పోయి ఉంటుందో చెప్పగలం. ఏ మాటో సూత్రం చెప్పదండి."

"నాకు ఏ మాటనో గావాలె."

"ఏ జాబితాలో మాస్టారూ?"

"స్వరూపరాణి చెప్పిన దాంట్ల."

"మీ ఇంట్లో ఆవిడా?"

"ఆఁ. పోయి మూడు నెల్లాయె. సామాను కాగితం మీద రాసిచ్చుడు ఆమెకు అలవాటు లేదు. నోటితోనే చెప్పేది. ఆఖరుకు లెక్క చెప్పేది. 'మొత్తం ఇన్ని సారూ, ఒక్కటి తప్పినా గోడకుర్చీ' అనేది."

"మిమ్మల్నే!"

"బడిల పిల్లలకు నేనేపిస్తి. ఇంట్ల సారు ఆమె. ఆ రోజు ఏడన్నది. దిల్‌సుఖ్‌నగర్ల ఆరు కొన్న. ఏడోది యాదికి రాలె."

"ఫోన్ చెయ్యకపోయారా?"

"చేస్తే నవ్వుతది. పంతులుకు పాఠం ఒస్తలేదని గల్లీ అంతట చెప్తది. సిగ్గయి చెయ్యలె. మట్టయ్య దుకాణం ముందట నిలవడి, ఒక్కొక్క డబ్బా చూసుకుంట... అరగంట, తల్లీ."

"తర్వాత?"

"ఇంటికొచ్చేసరికి గేటు కాడ పక్కింటి యాదలక్ష్మి నిలవడ్డది. నా చేతుల సంచి తీస్కున్నది."

"అయ్యో..."

"గుండె అన్నరు దవాఖానల. జర ముందు తెస్తే బాగుండు అన్నరు."

"నాకు తెలీదండి. ఇది ఆపేద్దాం మాస్టారూ."

"ఆపకు. ఆ ఏడోది గోలి కావొచ్చు గద? ఛాతిల మంటకు గోలి తెమ్మన్నదేమో, నేను మర్చిపోయి సబ్బులు చూసుకుంట నిలవడ్డనేమో. గది తెల్వాలె నాకు. ఎల్బీనగర్ లైబ్రరీల నువ్వంటించిన కాగితం చూసి ఫోన్ చేసింది గందుకే. నీ పరీక్ష కోసం కాదు."

"...సరేనండి. ఆవిడ చెప్పిన వరసలోనే చెప్పండి. మాటలొక్కటే కాదు, అప్పుడు మీరెక్కడున్నారు, ఆవిడెక్కడున్నారు, అదీ చెప్పండి. మాటకు ఆ క్షణం అంటుకుని ఉంటుంది."

"నేను చెప్పులేసుకుంటున్న. ఆమె వంటింటి గడప మీద కూసున్నది."

"ఎప్పుడూ అక్కడే కూర్చునేవారా?"

"లేదు. ఎప్పుడూ నిలవడే చెప్పేది."

"ఊఁ. చెప్పండి."

"పాలు. ఉల్లిగడ్డలు. కొత్తిమీర... అగ్గిపెట్టె. ఉప్పు. కర్పూరం. 'మొత్తం ఏడు సారూ.'"

"గోడకుర్చీ అనలేదా?"

"...అనలె. ఆ రోజు అనలె."

"మళ్ళీ ఒక్కసారి."

"పాలు. ఉల్లిగడ్డలు. కొత్తిమీర... అగ్గిపెట్టె..."

"కొత్తిమీర దగ్గర రెండుసార్లూ ఆగారు."

"ఆగిన్నా?"

"ఆగారండి. పోయింది నాలుగోదై ఉంటుంది. సరిగ్గా మధ్యది. ఇప్పుడా చోట ఏ వస్తువు..."

"వస్తువే అంటవా?"

"మా జాబితాల్లో అన్నీ వస్తువులేనండి."

"నామవాచకాలు."

"ఆఁ. అవే."

"ఎడమ కాలు చెప్పు దొరకలె నాకు. బల్ల కింద ఎతుకుతున్న, ఒంగి. ఆమె దిక్కు చూడలె. కొత్తిమీర అన్నది. గాజులు గడపకు తాకిన సప్పుడైంది. మల్ల..."

"మల్ల?"

"మల్ల... ఆగు తల్లీ."

"మాస్టారూ? మంచినీళ్ళు తాగండి. వద్దు, వదిలేద్దాం."

"రాస్కో తల్లీ. నాలుగోది."

"గోలీయేనా అండి?"

"కాదు. దుకాణం ముందట అరగంట నిలవడి నేను నామవాచకం ఎతికిన. ఆమె చెప్పింది క్రియ. 'జల్ది రా' అన్నది."