పెళ్లిబండి మెరుగు

హలో… నేనే, కమ్షాత్‌ని. చెప్పు దౌలెత్.

ఏమిటీ, బాగున్నావా అక్కా అనా? పొద్దున ఆ వీడియో పెట్టేటప్పుడు గుర్తురాలేదా అక్కని?…

చూశాను. తరాజ్ ఊరంతా చూసింది. నా షెడ్డు బోర్డు, దాని పక్కన మీ అన్న పెళ్లిబండి. "కమ్షాత్ చేతికి బండి ఇస్తే ఇంతే" అని నీ గొంతు. మధ్యాహ్నంలోపే ముగ్గురు ఫోన్ చేసి ఇక బండి తీసుకురామన్నారు. తెలుసా నీకు?…

లేదు, నువ్వాగు. ముందు నేను మాట్లాడతాను.

ఆరేళ్లయ్యా. ఆడదానికి పాలిష్ మిషన్ ఎందుకని ఈ బజార్లో ప్రతి మెకానిక్కూ నవ్వాడు. ఆ నవ్వుల మధ్యే ఒక్కో బండీ తోమి తోమి పేరు తెచ్చుకున్నాను. నువ్వు ఒక్క నిమిషంలో నా పరువు బజారున పడేశావు…

సరే, మచ్చలున్నాయి. ఎక్కడున్నాయి?… బానెట్ మీద, పైకప్పు మీద. తలుపుల మీద?… లేవు. వెనకాల?… అక్కడా లేవు.

ఎలా ఉన్నాయి? గుండ్రంగా, సాలెగూడులాగా?… సరిగ్గా చూసి చెప్పు, ఎండలోకి వెళ్లు… గోటితో నొక్కినట్టు. ఇక్కడొకటి, అక్కడొకటి.

అది మిషన్ గీతా? మిషన్ గీత ఎప్పుడైనా చూశావా నువ్వు? నల్ల బండి మీద మిషన్ తప్పు చేస్తే సుడులు కనిపిస్తాయి, అదీ బండి పొడుగునా. గిచ్చినట్టు అక్కడక్కడా ఉండవు…

నాకో మాట చెప్పు. పెళ్లిలో షాషు అని మిఠాయిలూ చిల్లరా జల్లారా?… జల్లకుండా కోడల్ని ఇంట్లోకి ఎవరు రానిస్తారులే, అది నాకూ తెలుసు. బండి మీద జల్లారా అని అడుగుతున్నాను…

నీళ్లు నమలకు.

మీ అమ్మకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. పాలిష్ మీద వేసిన పూత గట్టిపడటానికి ఏడు రోజులు పడుతుంది, అందాకా నీళ్లు కూడా తగలనివ్వొద్దన్నాను. పెళ్లికూతురు దిగి నాలుగడుగులు నడిచాకే షాషు జల్లండి, మిఠాయిలు జల్లుకోండి, నాణేలు మాత్రం వద్దన్నాను. అలాగేనమ్మా అని తలూపింది. ఊపిందా లేదా, అడుగు…

గుర్తులేదంటోందా. బాగుంది.

పెళ్లి వీడియో తీశారుగా? పెట్టు… ఫోన్ కట్ చేయకు, మీ చెల్లి ఫోన్‌లో చూడు. నేనిక్కడే ఉంటాను…

బండి ఆగిందా?… పిల్ల దిగిందా?… ఇంకా లోపలే ఉందన్నమాట… ఎవరో ముసలావిడ. సంచీలో చెయ్యి పెట్టి… బానెట్ మీదే విసిరింది. మళ్లీ విసిరింది, ఈసారి పైకప్పు మీదకి…

ఆ చప్పుడు నాకిక్కడికి వినిపిస్తోందయ్యా. మిఠాయికి ఆ చప్పుడు వస్తుందా?… పిల్లలు బానెట్ ఎక్కి ఏరుకుంటున్నారా. మోకాళ్లతో కూడా రుద్దారన్నమాట.

ఇప్పుడు చెప్పు, తప్పెవరిది?… గట్టిగా.

ఆ. ఆ మాటే ఇంకో వీడియోలో చెప్పు. నా దగ్గర గొణిగితే చాలదు…

మీ అమ్మ ఏమంటోంది పక్కనుంచి?… ఆ ముసలావిడ ఇంటికెళ్లి నిలదీస్తుందా. నిలదీయనీ. వీధిలో నలుగురికీ చెబుతుందా, ఇక ఏ శుభకార్యానికీ పిలవొద్దని? చెప్పనీ. కొత్త బండి మీద రాళ్లేసినట్టు నాణేలేసే మనిషిని ఎవరు పిలవమన్నారు?…

మీ పెద్దమ్మ పిలిచిందా. ఎవరట ఆవిడ?… పేరు తెలీదు, ఇల్లు పెద్దమ్మకి తెలుసు. సరే.

ఎలా ఉంది మనిషి?… పచ్చ మఖ్మల్ కోటు, తెల్ల తలగుడ్డ. అలాంటివాళ్లు ఈ ఊళ్లో వెయ్యిమంది ఉంటారు…

ఏ చేత్తో విసురుతోంది?

ఎడమ చేత్తోనా.

కుడిచెయ్యి?… సరిగ్గా చూడు దౌలెత్… కదలడం లేదా. పక్కకి వేలాడుతోందా.

మీ అమ్మని ఆపు… ఎందుకని అడక్కు, ఆపమన్నానా? బయల్దేరిందా అప్పుడే?… గుమ్మం దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టు. ఆ తర్వాత నువ్వు పక్క గదిలోకి రా. ఒక్కడివే…

వచ్చావా? తలుపెయ్యి.

ఆవిడ మా అమ్మయ్యా.

మీ పెళ్లికేనని నాకేం తెలుసు? శనివారం ఏదో పెళ్లికి పిలిచారంది. ఎవరి పెళ్లని నేనడగలేదు. షెడ్డులో పని, తలెత్తే తీరిక లేదు…

విను. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. అంతకుముందు మా వీధిలో ఏ కోడలు దిగినా షాషు మా అమ్మ చేతిదే. ఎనిమిదిమందిని కని పెంచిన చెయ్యి అని పనిగట్టుకుని వచ్చి పిలిచేవాళ్లు. కుడిచెయ్యి పడిపోయాక ఒక్కళ్లూ పిలవలేదు. కిటికీలోంచి పెళ్లిబళ్లు చూస్తూ కూర్చునేది. మొన్న శనివారం రాత్రి ఇంటికొచ్చి రెండు గిన్నెల సూపు తాగింది. నా చెయ్యి ఇంకా పనికొస్తుందే కమ్షాత్ అంది. ఎంతో కాలానికి ఆ మొహంలో నవ్వు చూశాను…

కోపమా? లేకేం? పూత, పూత అని ఇంట్లో రోజూ మొత్తుకుంటాను, ఒక్క ముక్క చెవికెక్కదు. ఇప్పుడే వెళ్లి నాలుగూ అడగాలనుంది. అడగను.

మీ అమ్మతో చెప్పు, కమ్షాత్ ఒప్పుకుందని. మిషన్ ఎక్కువ నొక్కిందట, పూత సరిగ్గా పట్టలేదట, తప్పు ఆమెదేనట అని చెప్పు…

ఇందాక కాదన్నాను. ఇప్పుడు అవునంటున్నాను… అబద్ధం నీ నోటికి రాదా? పొద్దున బాగానే వచ్చిందే.

పెళ్లి వీడియోలో ఆ ముక్క ఇంకెవరికీ చూపించకు. మీ పెద్దమ్మ దగ్గర నోరెత్తకు. బండి రేపు పొద్దున షెడ్డుకి తీసుకురా, బానెట్టూ పైకప్పూ నేనే మళ్లీ తోమి పూత వేస్తాను…

ఏంటి తీసేస్తావు? పొద్దుటి వీడియోనా?… వద్దు. ఎందుకు తీశావని మీ అమ్మ అడుగుతుంది. మరి తప్పెవరిదంటుంది. మళ్లీ బయల్దేరుతుంది…

అక్కా అక్కా అనకు, ఒళ్లు మండిపోతోంది.

నా సంగతి నేను చూసుకుంటాను. మొదట్నుంచీ మొదలుపెట్టినట్టు ఒక్కో బండీ తోముకుని మళ్లీ పేరు తెచ్చుకుంటాను, నాకు రెండు చేతులున్నాయి. ఈసారి మా అమ్మ మాట పడితే ఆమెని ఇంకెవరు పిలుస్తారు చెప్పు?…

ఉంచమన్నాను, దౌలెత్. ఉంచు. పెట్టేస్తున్నా.