లేని మేడ

పురపాలక కార్యాలయంలో నీటి విభాగం కిటికీ. ఇవతల ఒక ఇంటి యజమాని, అవతల గుమాస్తా.

"ఎండాకాలం వస్తే చాలు, మా మేడ మీదికి చుక్క నీరెక్కదండీ. మేం కట్టే పన్నులతోనే కదా మీకు జీతాలు!"

"నిజమేనండీ. ఒక్క ఏడాదీ బాకీ లేదు. కానీ మీ ఇంటికి మేడే లేదు."

"లేకపోవడమేంటి? పదేళ్లుగా మా అమ్మ ఉంటున్నది అక్కడేగా!"

"పన్ను కాగితంలో ఒక్క అంతస్తే రాశారు. సంతకం మీదే. దానికి తగ్గ పైపే వేశారు."

"ఏదో అప్పుడలా రాశాంలెండి. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగలేదు. బిందెలు మోయలేక మేం చస్తున్నాం."

"మేడ రాయించండి, వారంలో పెద్ద పైపు వేస్తారు. పదేళ్ల పన్ను కట్టాలి మరి."

యజమాని గుమాస్తా ఇచ్చిన ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ కిటికీలోంచి లోపలికి తోశాడు.

"ఎందుకులెండి. అమ్మనే కిందికి దించేస్తాం."