ఆకులు రాలని కార్తీకం

కార్తీకంలో ఆకులు రాలేది చూడాలని కారు తీసిన మగవాడు నంద్యాల మొత్తానికి పద్మనాభ్ ఒక్కడే అయివుంటాడు. కీర్తన ఆ మాట నమ్మలేదు. నమ్మలేదు గనుకే చర్చిలో కోత పండుగ కూడా మానుకుని మొగుడి పక్కన ఎక్కి కూర్చుంది. ఆళ్ళగడ్డ దాటారు.

"నల్లమలలో ఆకులు రాలేది శివరాత్రి ముందరప్పా. అప్పుడు టేకుచెట్లు బోడిగుండ్లయితాయి. ఇప్పుడు యాడ రాల్తాండాయి? చూడు, ఎంత పచ్చగుండాయో."

"రాలినన్ని రాల్తాయి. జలపాతాలు బాగుంటాయి, చూద్దువులే."

"ముందు ఆకులంటివి. ఇప్పుడు నీళ్ళంటాండావ్."

"రెండూ."

"పోయినేడూ ఇదే మాట చెప్పి ఒక్కనివే వచ్చినావ్. ముందటేడూ అంతే. రెండుసార్లూ ఒక్క ఫోటో తియ్యల్యా. బిర్యానీ తింటే మాత్రం పది ఫోటోలు తీస్తావ్."

"ఆడ సిగ్నలుండదు."

"ఫోటోకు సిగ్నలెందుకు?"

"లారీ వస్తాంది కీర్తనా, రోంతసేపు గమ్మునుండు."

"ఉంటా... పాయె లారీ. ఎవురామె?"

"ఎవురు?"

"ఆడ నీకోసం కాసుకోనుండేటామె."

"పిచ్చా నీకు?"

"ఈపొద్దు చర్చిలో నేను పాట పాడాల్సింది. మా యమ్మ ఏమన్నాదో తెలుసా? 'గుళ్ళో పూజలు చేసే అయ్యగార్ల పిల్లోన్ని చేసుకుంటివి. వాడు మన చర్చికి రాడు, నిన్నూ రానీడు' అన్నాది. అయినా వస్తి. నువ్వెవుర్ని చూసేదానికి పోతాండావో నా కండ్లతో చూడాల. చూసినాక ఇట్నుంచిటే మా యమ్మింటికి పోతా."

"పోదువులే."

"పోదువులే? అంతేనా? పోవద్దనేదానికి నోరు రాదా నీకు?"

"చూసినాక చెప్పు."

"అహోబిలమంటే మీ ఊరే కదప్పా. ఒక్కసారన్నా మీ గడప తొక్కిచ్చినావా? మీ నాయన మొగం ఫోటోలో గూడ చూడల్యా నేను."

"నేనే ఆ గడప తొక్కడంల్యా. నిన్నేం తొక్కిస్తా?"

ఎగువ అహోబిలంలో కారు దిగి, వాగు పట్టుకుని పైకి నడిచి, జలపాతం ఎదురుగా ఒక బండ చాటున ఆగారు.

"ఇంత దూరమొచ్చి బండ చాటున నిలబడేదేంది? నీళ్ళు ఆడుంటే!"

"ఈడ్నుంచే బాగా కనపడ్తాది."

"నాకు ఆడమనిషి ఎవురూ కనపడల్యా. ఉండేది నీళ్ళ కాడ ఆ ముసలాయనే. ఒక్కడే కూసోని ఏం చేస్తాండాడు?"

"నువ్వులు, నీళ్ళు వదుల్తాండాడు."

"ఎవురికి?"

"కొడుక్కు."

"అయ్యో! కొడుకు చేతుల మీద పోవాల్సిన వయసులో... నీకు తెలుసా ఆయన?"

"ఊ."

"ఎంతమంది కొడుకులు?"

"ఒక్కడే."

"ఆ ఒక్కడూ పాయెనా! ఎన్నేండ్లాయె?"

"మూడేండ్లు."

"ఏమైంది పిల్లోనికి?"

"పెండ్లి చేసుకున్నాడు."

"పెండ్లి చేసుకుంటే సస్తారా ఎవురన్నా?... అప్పా, ఇట్ల తిరుగు. నా మొగం చూసి చెప్పు. ఎప్పుడు పోయినాడు వాడు?"

"మనం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టిన దినం. తిథి ప్రకారం ఈపొద్దే."

"అంటే... ఆయన..."

"మా నాయన."

"బతికుండే బిడ్డకా! ఏమి మనిషప్పా ఆయన! పొద్దున లేస్తే దేవుని ముట్టుకునే చేతులేనా అవి?"

"ఆయన్నేమనాకు."

"అంటా! నేనేం పాపం చేస్తి? నిన్ను కావాలనుకుంటి, అంతే కదా. దానికి నా మొగుణ్ణి ఏటేటా చంపుతాంటే, నువ్వు దొంగ మాదిరి చాటున నిలబడి చూస్తాంటావా? నేనేమో ఎవుర్తో ఉందని రాత్రుళ్ళు ఏడ్చి సస్తాంటి."

"నీకెట్ల చెప్పాలో తెల్యల్యా. నీ వల్లనే అనుకుంటావని."

"పా. పోయి ఎదురుగా నిలబడు. 'నాయనా, బతికే ఉండా' అను. ఎట్ల ఆపడో నేనూ చూస్తా."

"ఆపుతాడు. నన్ను చూస్తే లేసి పోతాడు."

"పోతే పోనీ! ఈ పాడు పని ఆగిపోతాది కదా!"

"వద్దు కీర్తనా. చెయ్యి ఇడువు. మా ఇంట్లో నా పేరెత్తగూడదని ఒట్టు పెట్టినాడు. అమ్మ ఎత్తదు, చెల్లెలు ఎత్తదు. ఈ నీళ్ళు వదిలేటప్పుడు మాత్రం పేరు చెప్పకుండ కుదరదు. మా నాయన నోట నా పేరొచ్చేది ఏడాదికి ఈ ఒక్కసారే. ఈ మోతలో ఇనపడదు, పెదాలు చూస్తా. రోంత పక్కకు జరుగు, ఇప్పుడే అంటాడు."