తులసమ్మ రాఖీ కట్టనివ్వలేదు

తులసమ్మా? ఆ పేరు నీకెవరు చెప్పేరే శ్రుతీ? మీ నాన్నా? ఏటన్నాడు, ఝగడాలూ బుఢియా, దెబ్బలాటల ముసల్దన్నాడా? ఆడికేటి తెలుసు, అప్పటికి ఐదేళ్ళ గుంటడు. పెద్దోళ్ళ నోట్లోంచి పడ్డ మాట ఏరుకున్నాడు. ఇలా కూచో, ఆ టీవీ సౌండు కాస్త తగ్గించు. ఆంధ్రావోళ్ళ పరువు పోలీసు థానాకెక్కించిన ముసల్దని మా రిటైరైన గుంపు ఇప్పటికీ చెప్పుకుంటాది. వింటే ఒళ్ళు మండిపోద్ది నాకు. పరువు తీసింది ఆవిడా?

అప్పటికి ఈ వైశాలి నగర్ ఇల్లు లేదు, స్టీలు ప్లాంటు సెక్టార్లో క్వార్టరు మనది. పక్క క్వార్టరు రాజాబాబుది, తులసమ్మ ఆయన తల్లి. పొట్టి మనిషి, నోట్లో అడ్డచుట్ట. శ్రీకాకుళం నుంచొచ్చి ఇరవయ్యేళ్ళైనా హిందీ ముక్క రాదు. కూరలోడితో తెలుగులోనే దెబ్బలాడీది, పాపం ఆడే తెలుగు నేర్చుకున్నాడు. ఆఁ, ఏటి చెప్తున్నాను... మనవరాలు. భాగ్యరేఖని, ఇరవయ్యేళ్ళ పిల్ల, టైపు నేర్చుకోడానికి వెళ్ళీది. సత్యప్రసాద్ అని ఫోర్‌మెను ఒకడు, మన తెలుగోళ్ళ అసోసియేషన్లో ఆడి మాటే చెల్లీది, రాజాబాబు ఆడి కిందే డ్యూటీ. ఓ రోజు వాన పడతంటే, నేను దింపుతానమ్మా అని ఆ పిల్లని స్కూటరెక్కించుకుని ఓ ఖాళీ క్వార్టరుకి తీసుకుపోయి పాడుచేసేడు. ఇంతకన్నా నా నోటితో చెప్పలేను. ఆ పిల్ల ఇంటికొచ్చి వాళ్ళ మామ్మకొక్కర్తికే చెప్పింది. ఇంకోటి విను. ఈ సంగతి నేను మీ మామ్మకి చెప్తే ఆవిడేం ఆశ్చర్యపోలేదు. "ఆడొస్తే మేం ఆడపిల్లల్ని లోపలికి పిలిచీసుకుంటాం, మీకు తెలీదేటి" అంది. క్వార్టర్ల లైన్లో ఆడోళ్ళందరికీ తెలుసంట. ఆడొక్కడే కాదు, ఎవడెవడి దగ్గరికి పిల్లని ఒంటరిగా పంపకూడదో అన్నీ తెలుసంట. మగోళ్ళం మాకే ఏటీ తెలీనట్టు తిరిగేం.

తులసమ్మ నిలదీస్తే పెద్దమనుషులు గణపతిరావుగారి క్వార్టర్లో కూచున్నారు. ఆయన అసోసియేషన్ ప్రెసిడెంటు. ఐదుగురం, కుర్రోణ్ణి నేనొక్కణ్ణే. సత్యప్రసాద్ మా అందరి ముందూ ఒప్పుకున్నాడమ్మా, "పొరపాటైపోయింది, పెద్దలు క్షమించాలి" అన్నాడు. పొరపాటంట. కప్పు జారిపోయినట్టు చెప్పేడు. అక్కడే పట్టుకుని థానాకి ఈడ్చుకుపోవాలా వద్దా? గణపతిరావుగారు ఏటి తేల్చేరో తెలుసా? రాఖీ పున్నానికి నాలుగు రోజులుంది, పిల్ల చేత ఆడికి రాఖీ కట్టించీద్దాం, అన్నాచెల్లెళ్ళైపోతారు, మామలా ఖతమ్, గొడవైపోద్ది అన్నారు. మన సైడు రాఖీ ఎవరికి తెలుసే అప్పట్లో? ఇక్కడికొచ్చి హిందీవోళ్ళని చూసి నేర్చుకున్న పండగ. నేర్చుకుని దీనికి వాడేం. సుపేలా బజారెళ్ళి ఆ రాఖీ కొనుక్కొచ్చింది ఎవరనుకున్నావు, నేనే. జరీది, మంచిది చూసి మరీ తెచ్చేను. సిగ్గు లేదు నాకు.

పండగ రోజు మళ్ళీ గణపతిరావుగారింట్లోనే, పళ్ళెంలో కుంకం, మిఠాయి, నేను తెచ్చిన రాఖీ. ఆడు ఇస్త్రీ చొక్కా వేసుకుని చెయ్యి చాపి కూచున్నాడు. ఆ పిల్ల పళ్ళెం పట్టుకుని ఆడి ముందు నిలబడింది. రాజాబాబు తల ఎత్తడు, ఉద్యోగం ఆడి చేతుల్లో ఉంది మరి. అప్పుడు తులసమ్మ లేచి పళ్ళెం తీసి కింద పెట్టీసింది. అరవలేదమ్మా. ఝగడాలూ అంటారు గానీ, అంత నెమ్మదిగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. "గణపతిరావు బాబూ, ఈ దారం కడితే ఈయన అన్నైపోతాడు కదా. రేపు మీ పెద్దపాప దుర్గ్ స్టేషనుకెళ్ళాలంట. ఈయన స్కూటర్ మీద పంపుతారా?" అంది. లోపల కర్టెన్ ఎనకాల నుంచి గణపతిరావుగారావిడ, "నేను పంపను" అంది. అంతే. తులసమ్మ మనవరాలి చెయ్యట్టుకుని బైటికి నడిచింది. హిందీ రాని మనిషి, తిన్నగా థానాకెళ్ళి కూచుంది.

ఆ పోలీసోళ్ళేం తక్కువ తిన్నారా? సమఝౌతా చేసుకోండి మాతాజీ, రాజీ పడిపోండి అన్నారంట. పొద్దుట్నించి సాయంత్రం దాకా కదల్లేదావిడ, అప్పుడు ఫిర్యాదు రాసుకున్నారు. రాసుకుని, పిల్ల ఆడి స్కూటరెందుకెక్కిందన్నారు, ఆడు ఒప్పుకున్నాడంటున్నావు, విన్న గవా ఎవరు, సాక్షిని తీసుకురా అన్నారు. ఇప్పుడు టీవీలో మైకులట్టుకుని ఎవరో పిల్ల గురించి, ఆ టైముకి అక్కడికెందుకెళ్ళిందని అడుగుతున్నారే, అదే తంతు. ముప్పయ్యేళ్ళు దాటిపోయింది, అదే ప్రశ్న ఆడపిల్లకే వేస్తారు. సత్యప్రసాద్ పూలదండలతో రిటైరైపోయేడు. తులసమ్మ ఆ గొడవైన మరుసటేడే పోయింది. భాగ్యరేఖ కుమ్హారిలో స్కూల్లో చేస్తంది. ఎప్పుడైనా బజార్లో కనిపిస్తే మొహం తిప్పుకోదు, నమస్తే అంకుల్ అంటాది. తిప్పుకున్నా బాగుణ్ణు.

కేసేటైందా? సాక్ష్యం లేదని కొట్టీసేరు. విన్నోళ్ళం ఐదుగురం కదా, తులసమ్మ ఒక్కో గుమ్మం ఎక్కింది. నలుగురూ మేం వినలేదన్నారు. ఆఖరికి మనింటికొచ్చింది. ఆవిడ గేటు తియ్యడం చూసి నేను లోపలి గదిలోకెళ్ళిపోయేను, సెకండ్ షిఫ్టుకెళ్ళేనని చెప్పమని మీ మామ్మకి సైగ చేసేను. మీ మామ్మ గుమ్మంలో నిలబడి చెప్పింది. కోక్ ఓవెన్లో పనిచేసిన ఊపిరితిత్తులు కదమ్మా నావి, సరిగ్గా అప్పుడే దగ్గొచ్చీసింది. నోట్లో తువ్వాలు కుక్కుకున్నాను, ఆగలేదు. తులసమ్మ మీ మామ్మతో అంది, "దగ్గెక్కువగా ఉన్నట్టుంది అమ్మా. కాస్త అల్లం రసం పట్టించు." అని వెళ్ళిపోయింది.

...

ఏటే అలా చూస్తావు? వెళ్ళు, వెళ్ళి అన్నం తిను.