పదమూడు విసుర్ల తగ్గింపు

మధ్యాహ్నం మూడుంపావు. బడి గేటు బయట ఆగి ఉన్న బస్సు. డ్రైవరు సీట్లో బావ. తలుపు దగ్గర మెట్టు మీద, చేతిలో కార్డులతో, అదే బడిలో లెక్కలు చెప్పే మరదలు.

“ఒప్పుకున్నాను కదా అమ్మాయ్. అడ్డంగా దొరికిపోయాను. రాసుకుని పో.”

“అంత తేలిగ్గా ఒప్పుకుంటావేంటి బావా? ఇంకొకడైతే ఈపాటికి నా మీద విరుచుకుపడేవాడు.”

“పడితే తప్పు ఒప్పవుతుందా? అయిదు ఆదివారాలు కావాలనే డిస్కుని బుట్టల్లో పడకుండా చెత్తగా విసిరాను. నా హ్యాండిక్యాప్, అదే తగ్గించే విసుర్ల లెక్క, పెరిగింది. పోటీ రోజున బాగా విసిరాను, కప్పొచ్చింది. ఇంకేం కావాలి? నీకు క్లాసు లేదూ?”

“ఈ పీరియడు ఖాళీ. బెల్లుకి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఇక్కడే కూచుంటా.”

“మెట్టు దుమ్ము. బట్టలు మాస్తాయి.”

“మాయనీ. పరువే మాసిపోతోంది, బట్టలదేముంది! సాయంత్రం అయిదింటికి కమిటీ. స్కోర్లు రాసేదాన్ని కాబట్టి కాగితం మీద మొదటి సంతకం నాదే. మా బావ దొంగాట ఆడాడు అని నా చేత్తో నేను రాయాలి. అర్థమవుతోందా?”

“నాకు తెలుసులే. తెలిసే రాయమంటున్నా.”

“బేకరీ ఆయన ఏమంటున్నాడో అదీ తెలుసా? ‘ఇరవై ఏళ్ళుగా ఒళ్ళొంచి నేర్చుకున్నాను, నిన్నగాక మొన్న డిస్కు పట్టుకున్నవాళ్ళకి విసుర్లు దానం చేస్తే నేనెందుకు ఆడాలి? హ్యాండిక్యాప్ ఎత్తెయ్యండి’ అంటున్నాడు.”

“ఆడలేక మద్దెల ఓడంటాడు వాడు.”

“ఆడలేకేం కాదు. పద్దెనిమిది బుట్టలూ యాభై అయిదు విసుర్లలో ముగించాడు. అందరికంటే తక్కువ. ఒకటి తగ్గించి యాభై నాలుగు వేశాం. నువ్వు విసిరింది యాభై ఎనిమిది. పదమూడు తగ్గించాం, నలభై అయిదు. నీకన్నా బాగా విసిరి, నీ చేతిలో తొమ్మిది తేడాతో ఓడిపోయాడు. ఎవరికైనా మద్దెలేం ఖర్మ, వాయించేవాడి వీపే పగలగొట్టాలనిపిస్తుంది.”

“పగలగొట్టమను. వీపుంది కదా.”

“నవ్వకు బావా. నాకు నవ్వు రావట్లేదు.”

“సరే. నవ్వను.”

“అసలీ హ్యాండిక్యాప్ పెట్టించింది ఎవరు? నువ్వే. గెలుస్తామన్న ఆశే లేని ఆటకి ఆదివారం పూట ఎవరొస్తారయ్యా అని బల్ల గుద్దావు. చివరి అయిదు ఆటల సగటు తీసి, మైదానం లెక్క, బుట్టకి మూడు చొప్పున యాభై నాలుగు కంటే ఎంతెక్కువుంటే అన్ని విసుర్లు తగ్గిద్దాం అన్నావు. నేను లెక్క కట్టాను. ఆ తర్వాతే కదా కుట్టు మిషనావిడ వచ్చింది, మోకాళ్ళ నొప్పుల కంపౌండరు వచ్చాడు, ముప్పై మంది అయ్యారు. ఇప్పుడు నీ మూలంగా వాళ్ళందరి నోట్లో మట్టి.”

“నన్నొక్కణ్ణి తీసేస్తే సరిపోతుందిగా. లెక్కనెందుకు తీసెయ్యడం?”

“నిన్ను చూపించే కదా లెక్కని తీసేస్తామంటున్నారు! పెట్టినవాడే దొంగాట ఆడితే ఇంక దీన్ని ఎవరు నమ్ముతారు అంటున్నారు. నేను నోరెత్తితే, బావని వెనకేసుకొస్తోంది అంటారు.”

“తప్పయిపోయింది. ఇంకెన్నిసార్లు చెప్పాలి?”

“ఒక్కసారి చెప్పు, సరిగ్గా. ఏ బుట్టల దగ్గర చెడగొట్టావు?”

“ఏంటీ?”

“కావాలని చెడగొట్టినవాడికి గుర్తుండదా? ఏ బుట్టల దగ్గర?”

“అక్కడా ఇక్కడా… రెండో దాని దగ్గర. పదిహేనో దాని దగ్గర. ఆఖరి దాని దగ్గర.”

“చివరి ఆట కార్డు ఇదుగో. రెండో బుట్ట మూడు విసుర్లు. పదిహేనోది మూడు. ఆఖరిది మూడు. అన్నీ బంగారంలా వేశావు.”

“మరి వేరే చోట అయ్యుంటుంది. నీలాగా నాకు లెక్కలు గుర్తుంటాయా?”

“అయిదు కార్డులూ పొద్దున్నుంచి చూస్తున్నా. అరవై మూడు, అరవై అయిదు, అరవై ఏడు, అరవై తొమ్మిది, డెబ్భై ఒకటి. మోసం చేసేవాడు ఒక రోజు పది పెంచుతాడు, ఒక రోజు రెండు పెంచుతాడు. నీది మెట్లెక్కినట్టు ఎక్కింది. సరే, జాగ్రత్తపరుడైన దొంగ అనుకుందాం. కానీ ఇది చూడు. డెబ్భై ఒకట్లో, అయిదో బుట్ట నుంచి పన్నెండో బుట్ట దాకా పదమూడు ఎక్కువ పడ్డాయి. మిగతా పది బుట్టలకీ కలిపి నాలుగే, నీకెప్పుడూ పడే నాలుగు.”

“ఆ ఎనిమిదీ కష్టమైనవి.”

“కష్టమేం కాదు. తోపు పక్కనుంచి పోతాయి, అంతే. కంపౌండరు కూడా వేసేస్తాడు.”

“వయసు మీద పడుతోందమ్మా.”

“ఆ ఎనిమిది బుట్టల దగ్గరే పడుతోందా వయసు? మరి పోటీ రోజున అదే తోపు పక్కన ఒక్క డిస్కు కూడా చెట్టుకి తగల్లేదే?”

“చెప్పాను కదా, ఆ రోజు బాగా ఆడాలని…”

“ఆ రోజు మైదానం ఉల్టా తిప్పారు బావా. అందరికీ కొత్తగా ఉంటుందని బేకరీ ఆయనే తిప్పించాడు. ఆఖరి బుట్ట నుంచి మొదటి దానికి ఆడారు.”

“అయితే?”

“రోజూ ఆడే పద్ధతిలో తోపు మనకి ఎడమ పక్క ఉంటుంది. ఆ రోజు కుడి పక్కకి వచ్చింది.”

“బెల్లు టైమయింది. నువ్వు దిగు.”

“ఇంకా పది నిమిషాలుంది. తల ఇటు తిప్పకు. ఎదురుగా రోడ్డు వైపు చూడు.”

“ఏంటీ పిల్లాటలు?”

“చూడు అంటున్నాగా. నా చేతిలో ఏముంది?”

“ఏముంటుంది, కార్డులు.”

“కార్డులు మెట్టు మీద పెట్టి లేచాను. చెయ్యి నీ ఎడమ చెవి పక్కనే ఆడిస్తున్నాను. ఇందాకట్నుంచీ.”

“ఏ చెయ్యి?”

“అయ్యో బావా! ఎన్నాళ్ళయింది?”

“అరవకు. గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు.”

“ఎన్నాళ్ళయింది అంటున్నా!”

“మూడు నెలలు. మొదట అంచున మసగ్గా ఉండేది. దుమ్మనుకున్నా. తర్వాత పొరుగూరు వెళ్ళి చూపించుకున్నా. డాక్టరు నరం అన్నాడు. అద్దాలకి లొంగదట, ఆపరేషనుకీ లొంగదట. ఎడమ పక్క చూపు పోయిందే పోయింది, ఇంక రాదు అన్నాడు.”

“బండి నడపొద్దని చెప్పలేదూ?”

“అడగలేదు.”

“అడగలేదా?”

“నా పనేంటో చెప్పలేదు. తాపీ పని అని చెప్పాను.”

“అక్కకి తెలుసా?”

“దానికెందుకు? దాని కొట్టు మూసేసినప్పటి నుంచి దానికి నిద్ర పట్టట్లేదు, ఇంక ఇది కూడానా? మా ఇల్లు ఈ చక్రం మీదే తిరుగుతోందమ్మాయ్. ఇంకో పదకొండు నెలలు లాగితే రిటైరై మర్యాదగా దిగిపోతాను. ముప్పై ఏళ్ళు నడిపాను. ప్రతి గొయ్యీ, ప్రతి మలుపూ తెలుసు. మెడ కాస్త ఎక్కువ తిప్పితే సరిపోతుంది. తిప్పుతూనే ఉన్నాను.”

“పోయిన నెల గేటుకి కొట్టుకుని ఎడమ పక్క అద్దం పగిలింది. వాచ్‌మన్ గేటు సరిగ్గా తియ్యలేదన్నావు. ఆయన మీద కేకలేశావు.”

“అన్నాను.”

“పాపం, ఆయన జీతంలో కోశారు బావా!”

“తెలుసు. ఇస్తాను, ఎలాగోలా.”

“పిల్లలు దిగేది కూడా ఈ పక్కనుంచే కదా. ఆయా మానేసి రెండు నెలలైంది. తలుపు నువ్వే చూసుకుంటున్నావు.”

“ఒక్కరికి గీత పడిందా? చెప్పు! మూడు నెలల్లో ఒక్కరికి?”

“దేవుడి దయ.”

“నా జాగ్రత్త. దేవుడేం స్టీరింగు పట్టుకోలేదు.”

“అందుకేనన్నమాట. దొంగ అని రాయమంటున్నది అందుకేనన్నమాట!”

“మరేం చెయ్యను? ఇన్ని విసుర్లు ఎందుకు పెరిగాయి అని వాళ్ళు తవ్వడం మొదలుపెడితే, ఎవడో ఒకడు నీలాగే తోపు దగ్గరికొస్తాడు. ఆ కమిటీలో మీ బడి గుమాస్తా కూడా ఉన్నాడు. దొంగ అని రాస్తే ఎవరూ తవ్వరు. నాలుగు రోజులు ఛీ అంటారు, మర్చిపోతారు. దొంగాట ఆడాడని బస్సు లాక్కోరుగా.”

“మరి ఆ ముప్పై మంది?”

“పళ్ళాలు విసిరే ఆట అమ్మాయ్ అది. వాళ్ళు కావాలంటే ఆదివారం ఇంకేదైనా విసురుకుంటారు. నాది బతుకు.”

“ఆ ఆట నేర్పింది నువ్వే నాకు.”

“నేర్పాను. మీ నాన్న పోయిన ఏడాది ఇంట్లోంచి బయటికొచ్చేదానివి కాదు, అందుకు నేర్పాను. పరీక్షలకి ఈ బస్సులోనే దింపాను. పాత ఇంజనుతో అంత దూరమా అని మేనేజరు తిడితే పడ్డాను. నేనెప్పుడైనా ఆ మాట ఎత్తానా?”

“ఇప్పుడు ఎత్తుతున్నావు.”

“ఇప్పుడు ఎత్తుతున్నాను. సిగ్గు విడిచి ఎత్తుతున్నాను. ఒక్క సంతకం చెయ్యి. నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటా.”

“ఛ, ఏం మాటలవి! పెద్దవాడివి.”

“పెద్దవాడినే. ఈ సీట్లోంచి దించేస్తే నేనెవర్ని చెప్పు? పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలి? నలభై మంది పిల్లలు అంకుల్ అంకుల్ అని ఎక్కుతారే, ఆ గోల లేకపోతే నేను బతుకుతానా? నాకు భయమేస్తోంది అమ్మాయ్. రాత్రి పడుకుంటే కుడి పక్క కూడా పోయినట్టు కలొస్తోంది.”

“ఏడవకు బావా. నువ్వేడిస్తే నేను చూళ్ళేను.”

“ఏడవట్లేదు.”

“ఎలాంటి ఇరకాటంలో పడేశావు నన్ను. నిజం రాస్తే మా అక్క సంసారం వీధిన పడుతుంది. అబద్ధం రాస్తే…”

“అబద్ధం రాస్తే ఒక ఆట పోతుంది. అంతే.”

“అంతేనా?”

“అంతే. పదకొండు నెలలు. ఆయాని పెట్టమని రేపే మేనేజరుని అడుగుతాను. ఒట్టు.”

“రేపే?”

“రేపే. పొద్దున్నే.”

“మెల్లగా నడుపుతావా?”

“ఎద్దుబండి కూడా నన్ను దాటేసిపోతుంది. చాలా?”

“…పెన్నివ్వు.”

“ఇదుగో. ఇక్కడ, కింద.”

“నేను రాసిందే మళ్ళీ చదువుతున్నాను, ఉండు. ‘ఉద్దేశపూర్వకంగా చెడు ఆట ఆడి, హ్యాండిక్యాప్ పెంచుకుని, పోటీలో అన్యాయంగా గెలిచినట్టు ఆటగాడే ఒప్పుకున్నాడు.’ నా బావని గురించి.”

“చెయ్యమ్మా.”

“చేశాను. చేశాను బావా. ఇంక నాతో మాట్లాడకు కాసేపు.”

“నువ్వు నా కూతురితో సమానం.”

“మాట్లాడకు అన్నాను.”

“అదుగో, బెల్లు కొట్టేశారు. కిందకి దిగు, తొక్కేస్తారు నిన్ను. రండి రండి, మెల్లగా! తోసుకోకండి! ఒరేయ్ పొడుగోడా, నీ సీటు వెనకాల!”

“అంకుల్, నేను ముందు కూచుంటా!”

“కూచో తల్లీ. మీ చెల్లేది?”

“వస్తోంది అంకుల్. బూటు లేసు ఊడిపోయింది.”

“సంచులు ఒళ్ళో పెట్టుకోండి. కిటికీలోంచి చేతులు బయట పెట్టొద్దు. అందరూ ఎక్కారా?”

“ఎక్కాం అంకుల్!”

“టీచరమ్మా, వస్తా మరి. తలుపేస్తున్నా!”

“బావా, ఆగు!”

“అంకుల్! అంకుల్, తలుపు! మా చెల్లి మెట్టు మీదే ఉంది!”

“ఎక్కడ? ఎక్కడుంది? నాకు… ఏదీ?”

“ఆగు అంటున్నానా! బ్రేకు! బ్రేకు తొక్కు బావా! చెయ్యి ఇరుక్కుంది దాంది!”

“ఆపాను! ఆపాను! తీశాను తలుపు. ఏమైంది? ఏమైందమ్మా?”

“ఏడవకు తల్లీ, చూడనీ. ఏం లేదు, ఏం లేదు, గీరుకుంది అంతే. నా మెడ పట్టుకో.”

“ఏం కాలేదుగా? చూశావా, ఏం కాలేదు. అమ్మాయ్, ఏం కాలేదు. ఆ కాగితం ఎందుకు చింపుతున్నావు? అమ్మాయ్! నీకు దణ్ణం పెడతాను, పిల్లల ముందు వద్దు…”

“పిల్లలూ, దిగండి. ఒక్కొక్కరే, జాగ్రత్తగా, అందరూ దిగిపోండి. మీ అంకుల్‌కి ఎడమ పక్క ఏమీ కనపడదు.”