కదిలిన పంచమం

"నానమ్మా, తాతయ్య బో నేను స్కూల్ కాన్సర్ట్‌కి తీసుకెళ్తే ఏమవుతుంది? వై ఆర్ యూ సో స్కేర్డ్ ఆఫ్ ఇట్?"

ఉండవే, ఉండు. ముందు దాన్ని పెట్టెలో పెట్టు. అలా కొస పట్టుకుని ఊపకు. ఆ, మూత వెయ్యి. ఇప్పుడు చెప్తాను. నువ్వు బో అంటావు, మేం ఫిడేలు కమాను అనేవాళ్ళం. విరుగుతుందని నా భయం అనుకుంటున్నావు కదూ? విరిగితే పీడా పోయిందనుకుంటాను. అది కాదు.

అసలది తాతయ్యది కాదు. పక్కింటి మార్గరెట్‌ది. నువ్వు పుట్టకముందు... కాదు కాదు, పుట్టావు, పాకుతున్నావప్పటికి. మీ అమ్మ నిన్ను వాట్‌ఫర్డ్ నుంచి బర్మింగ్‌హామ్ తెచ్చి మా దగ్గర దింపిందే, ఆ ఏడు. మార్గరెట్ ఆర్కెస్ట్రాలో ఫిడేలు వాయించి రిటైరైన మనిషి. కీళ్ళవాతం వచ్చి వేళ్ళు వంకర్లు తిరిగాయి, పాపం. సాయంత్రాలు తాతయ్య నేల మీద బాసింపట్టు వేసుకుని ఫిడేలు వాయిస్తుంటే కంచె అవతల నిలబడి వినేది. ఒకరోజు ఈ పెట్టె పట్టుకొచ్చి, "ఊరికే పడుంటే ఇది చచ్చిపోతుంది డాక్టర్, నువ్వు వాయించు" అంది.

ఫ్రాన్సులో ఏదో చిన్న ఊరాయన చేశాట్ట, నూరేళ్ళు దాటింది. పట్టుకునే చోట ఆయన పేరు అచ్చు వేసి ఉంటుంది, సగం అరిగిపోయింది. మార్గరెట్ చెప్పింది గానీ నాకు నోరు తిరగలేదు. కర్ర బ్రెజిల్‌దట. నిప్పుల మీద కాచి, కొంచెం కొంచెంగా వంచేవాట్ట. అంతా అయ్యాక వేళ్ళ మధ్య తేలిగ్గా పట్టుకుని ఊపిరి పీల్చి చూసేవాట్ట. ఆ ఊపిరికి కొస కదిలిందా, పేరు కొట్టడం. కదల్లేదా, పొయ్యిలో పెట్టెయ్యడం. "ఏం మనిషమ్మా, ఎంత కర్ర తగలేశాడో!" అని నవ్వాను నేను. కొసన ఏనుగు దంతం, కింద తాబేటి చిప్ప, వెంట్రుకలేమో గుర్రానివి. దేవుడి గదిలోకి రానివ్వలేదు దాన్ని. తాతయ్య నన్ను ఎంత ఏడిపించారో!

తాతయ్య కంటి డాక్టరు కదా. హాస్పిటల్లో కన్సల్టెంటు. గురువారాలు ఆపరేషన్లు. బియ్యపు గింజంత చోట్లో పని, చూశావూ, అలాంటి చెయ్యి ఆయనది. సాసర్లో కప్పు పెడితే చప్పుడయ్యేది కాదు. మా పెద్దక్కయ్య రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు, "మీ ఆయన పిల్లిలా టీ తాగుతాడే" అనేది. ఆవిడ పోయింది... ఏం చెప్తున్నాను?

ఆ, కమాను. ఒక సాయంత్రం నేను పప్పులోకి పోపు పెడుతున్నాను. ముందు గదిలో ఆయన పంచమం మీద నిలబడ్డారు. నీకు మీ టీచరు చెప్పిందో లేదో, మన సంగీతంలో షడ్జమం, పంచమం కదలవు. మిగతా స్వరాలని ఊపుతాం, అదే గమకం. ఆ రెంటినీ మాత్రం కదపకూడదు. చిన్నప్పుడు నేను కదిపితే మా పంతులమ్మగారు తొడ మీద ఒక్కటి వేసేది. అలాంటి పంచమం సన్నగా వణికింది. పోపు మాడిపోయింది, నేనలాగే నిలబడ్డాను.

చలి అనుకున్నాను. వయసు అనుకున్నాను. ఏదో ఒకటి అనుకోవాలి కదా.

తర్వాత ఉగాదికి మనవాళ్ళందరూ ఒక స్కూలు హాల్లో కలిశారు. ఆదివారం అది. తాతయ్య వాయించారు. అయ్యీ అవగానే అకౌంటెంటు రావుగారు లేచి, "డాక్టరుగారూ, ఇన్నాళ్ళకి మీ గమకం పండిందండీ!" అన్నాడు. హాలంతా చప్పట్లు. గమకం ఎడమ చేతి వేళ్ళది తల్లీ. నేను ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. ఎడమ వేలు మేకు కొట్టినట్టుంది. ఊగుతున్నది కుడిచేతిలో కమాను. అందరూ మెచ్చుకుంటున్నారు. ఆయన నా వైపు చూడలేదు. అప్పుడే తెలిసింది, ఆయనకీ తెలుసని.

కారులో, "ఈ కమానులో ఏదో తేడా ఉంది" అన్నారు. ఇంటికొచ్చి కోటైనా విప్పకుండా, ఇండియా నుంచి తెచ్చుకున్న లావుపాటి పాత కమాను తీసి పంచమం పట్టారు. గీత గీసినట్టు వచ్చింది! "చూశావా, తప్పు దానిదే!" అని పసివాడిలా నవ్వారు. నాకూ ప్రాణం లేచొచ్చింది.

బుధవారం మార్గరెట్‌ని పిలిచి, "ఇది వణుకుతోంది, బాగుచేయించాలి" అన్నారు. ఆవిడ ఫిడేలు తీసుకుంది. ఆ వంకర వేళ్ళతో, నొప్పికి పళ్ళు బిగించి, కమానుని ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కసారి లాగింది. ఎక్కడా కదల్లేదే. కిందపెట్టి, నెమ్మదిగా, "నీ పాతది బరువు డాక్టర్. ఆ బరువు కింద నీ చెయ్యి దాక్కుంది. ఇది దాచదు" అంది.

ఆవిడ వెళ్ళగానే ఆయనకి కోపం వచ్చింది. "ఆపరేషన్‌లో నా చెయ్యి బాగానే ఉంటుంది, నాకు తెలీదా?" అని గట్టిగా అరిచారు. ఎప్పుడూ అరవరు. నాకెంత భయం వేసిందో చెప్పలేను. చెప్తే ఈ మనిషి బతకలేడేమో, ఆ పనే ఆయన ప్రాణం. చెప్పకపోతే రేప్పొద్దున్న ఎవరి కన్నో పోతుంది. చివరికి అడిగాను. "రేపు మొదట ఎవరికండీ?"

"బస్సు నడిపినాయన. ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఉన్నది ఇదొక్కటే..." అని అక్కడ ఆగిపోయారు.

తర్వాత లేచి ఫోన్ తీశారు. "రేపటి ఆపరేషన్ల రోటాలోంచి నా పేరు తీసెయ్యండి. నా చెయ్యి వణుకుతోంది" అన్నారు, ఇంగ్లీషులో. పెట్టేసి, వచ్చి నా పక్కన కూర్చుని చెయ్యి నా ఒళ్ళో పెట్టారు. పిచ్చిక పిల్లని పట్టుకున్నట్టుంది. మళ్ళీ ఆపరేషన్ చెయ్యలేదాయన.

నరాల డాక్టరు చూసి, ప్రాణభయం లేదన్నాడు. వంశంలో మాత్రం రావచ్చు అన్నాడు. ఆ మాట మీ నాన్నకి చెప్పలేదు నేను. వాడు టీ పోసుకుంటుంటే చూస్తుంటాను, అంతే. మార్గరెట్ కేర్ హోమ్‌కి వెళ్తూ ఈ కమాను మాకే ఇచ్చేసింది. తాతయ్య దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు. పాత దాంతోనే వాయించుకుంటారు. మెల్లిగా మాట్లాడు, పైన పడుకున్నారు.

అదమ్మా నా భయం. నువ్వు వాయిస్తే అదేం చెబుతుందోనని. నీకు పదకొండేళ్ళు, నాకు తెలుసు, పిచ్చి భయం. అయినా...

ఏదీ, చెయ్యి ఇటియ్యి. కుడి చెయ్యే. వేళ్ళు చాపు. నవ్వకు, నవ్వితే కదులుతుంది. ఊఁ... కదలట్లేదు. కదలట్లేదులే తల్లీ. ఆ కదిలేది నా చెయ్యి. నిండు నూరేళ్ళూ నీ చెయ్యి ఇలాగే ఉండాలి. తీసుకెళ్ళు... ఇవాళ కాదు. రేపు తీసుకెళ్దువుగానిలే, రేపు...