పెట్టె మీద పేరు

నీ కూతురు పోయిన నెల ఇంజక్షన్ వేయించుకోనంటే వేయించుకోనని కూర్చునిందయ్యా. ఎవరి పోలిక అది? నా పోలికే అయితే డాక్టరమ్మ చెప్పంగానే చెయ్యి చాపి ఉండేది. అంతా నువ్వే. ఆ పెట్టె తీసుకోని ఇటు తిప్పి అటు తిప్పి చూడ్డం, లేబులు గోరుతో గీకడం, ఆఖరికి మూతి విరిచి కౌంటరు మీద పెట్టేయడం. ఆస్పత్రి మందులషాపు ముందర నువ్వే నిలబడినట్టు ఉండింది నాకు.

ఉండు, కూర్చోనీ. నీ సమాధి మీదే కూర్చుంటున్నానని ఏమనుకోబాక, కింద అంతా పల్లేరుకాయలు. సిమెంటు కాలిపోతా ఉంది. నిన్ను తెచ్చి పూడ్చినప్పుడు ఇక్కడ మోకాటిలోతు బురద. ఇప్పుడు చూడు, చుక్క తడి లేదు.

నీకు తెలియని సంగతులేం కావు. అయినా మొదట్నుంచీ చెప్పుకుంటేగాని నా గుండెబరువు దిగదు. ఇంకెవరితో చెప్పుకునేది? మీ అమ్మతోనా?

నా గర్భసంచి ఆపరేషన్ అని నెల్లూరు పోయినాం గదా. కోసే ముందర రక్తం పరీక్ష చేసినారు. డాక్టరమ్మ మనిద్దర్నీ లోపలికి పిలిచి తలుపేసింది. నా రక్తంలో హెపటైటిస్ బి ఉందనింది. లివర్‌కి పట్టే జబ్బు, ఎప్పుడొచ్చిందో ఎట్టొచ్చిందో చెప్పలేం అనింది. నాకు ఇప్పుడే ఏమీ కాదంట, అప్పుడప్పుడూ చూపించుకుంటే చాలంట. కానీ రక్తం తగిలితే అంటుకుంటుంది, మొగుడూపెళ్లాల కలయికలో అంటుకుంటుంది. కాబట్టి నీకూ బిడ్డకీ పరీక్ష చేసి టీకా వేయాలనింది.

నేను తలొంచుకోని ఏడుస్తా ఉంటే నువ్వేమన్నావు? "కావాలని తెచ్చుకున్నావా కరుణా? వచ్చింది. మూడు సూదులే గదా, పొడిపించుకుంటా" అన్నావు. ఇంకో మొగోడైతే ఎవరి దగ్గర తెచ్చుకున్నావని అడిగుండును. నువ్వు అడగలా. ఆ రోజు అడగలా, తర్వాతా అడగలా. అందుకే గదయ్యా ఇట్టా ఎండలో వచ్చి నీతో మొత్తుకునేది.

ఒక్కటే అన్నావు, ఫ్లోరాకి చెప్పొద్దని. "బిడ్డ విజయవాడ హాస్టల్లో ఉంది, పరీక్షలు కానీ. ముందు నాది అయిపోనీ, తర్వాత ఏదో ఒక టీకా అని చెప్పి వేయిద్దాం. వాళ్లమ్మ రక్తంలో ఏముందో దానికెందుకు" అన్నావు. సరే అన్నాను. నాకు అంతకంటే ఏం కావాల?

నీ పరీక్షలో ఏమీ లేదని తేలినాక మొదటిది వేయించుకున్నావు. నీలం పెట్టె. బయటికొస్తా ఆ ఖాళీ పెట్టెను జేబులో పెట్టుకున్నావు. నెల తర్వాత రెండోదానికి పోతే మందులిచ్చే పిల్ల షబీనా ఇంకో పెట్టె తెచ్చింది. పైన పెద్దక్షరాల పేరు వేరే. అంతే, నీ మొహం మారిపోయింది.

ఆ షబీనా ఎంత ఓపికగా చెప్పింది పాపం. మందులషాపులో అంత మంది తోసుకుంటా ఉన్నా విసుక్కోలా. "అన్నా, పైన ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. కింద సన్నక్షరాల్లో ఉండేది మందు పేరు. డాక్టరమ్మ రాసింది గూడా ఆ కింద పేరే. ఏ కంపెనీది వచ్చినా మా కంప్యూటర్లో దానికి ఒకటే కోడ్. చిన్నపిల్లల డోసుకి వేరే కోడ్, పెద్దోళ్ల డోసుకి వేరే కోడ్. అందుకే ఈ పద్ధతి పెట్టింది, తప్పు పోకుండా" అని కంప్యూటర్ నీ పక్కకి తిప్పింది. చూసినావు. చూసి, "నేనూ మందులమ్మేవోణ్ణే అమ్మా" అన్నావు.

రొయ్యల మందులు. అది గూడా చెప్పుంటే ఆ పిల్ల నవ్వుండును. తోటపల్లి గూడూరులో రొయ్యల మేతా మందులూ అమ్మే హెబ్రోను అంటే నువ్వని మన ఊరోళ్లకి తెలుసు, నెల్లూరు ఆస్పత్రోళ్లకేం తెలుసు?

కానీ నువ్వు ఎందుకన్నావో నాకు తెలుసు. పోలేరయ్య రొయ్యల గుంట. ఆ ఏడు రొయ్య నీరసపడి గట్టుకొస్తా ఉంటే పోలేరయ్య రొప్పుకుంటా మన షాపుకొచ్చినాడు. అతను వాడే మందు లేదు. "పేరే వేరే, సరుకు అదే. కింద చదువు, అంతా అదే రాసుంది" అని నువ్వు ఇంకో డబ్బా ఇచ్చినావు. అందులో ఉండింది సుద్దపొడి. తెల్లారేసరికి గుంటంతా చచ్చిన రొయ్య తేలింది. పోలేరయ్య నిన్ను ఒక్క మాట అనకుండా పెళ్లాంబిడ్డల్ని తీసుకోని చెన్నైకి వాచ్‌మన్ పనికి పోయినాడు. తిట్టి పోయినా బాగుండును. ఆ గుంట పక్క దారిలో నువ్వు మళ్లీ బండి పోనీలా.

అప్పట్నుంచి షాపులో అదే చట్టం. అడిగిన పేరుంటే ఇవ్వడం, లేకపోతే లేదనడం. కింద ఏమన్నా రాసుకోవచ్చు, పైన పేరు పెట్టుకున్నోడే జవాబు చెప్పాల అనేవోడివి. రైతులు నిన్ను నమ్మింది అందుకే. బిడ్డ సెలవులకొచ్చి కౌంటర్లో కూర్చుంటే దానికీ అదే నూరిపోసినావు.

మంచి చట్టమే. రొయ్యల వరకు మంచిదే.

నీలం పెట్టే కావాలన్నావు. అది రావడం లేదన్నారు. వస్తుందిలే, ఆగుదాం అన్నావు. నెల్లూరంతా అడిగినావు, ఏటి అవతల కోవూరు గూడా పోయొచ్చినావు. నేను చెప్పినాను ఏదో ఒకటి వేయించుకో అని. చెప్పినానుగాని గట్టిగా చెప్పలేకపోయినా. నా జబ్బుకి నువ్వు సూదులు పొడిపించుకుంటా ఉంటే, ఏ సూదో గూడా నేనే చెప్పాలంటే నోరొస్తుందా? ఇక డాక్టరమ్మ చెప్పిన జాగ్రత్తలు... అన్ని రోజులూ పాటించలా మనం. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు.

తర్వాత నీ కళ్లు పచ్చబడినాయి. మీ అమ్మ రెబెక్కమ్మ కామెర్లని చెప్పి పసరు పోయించింది. అత్తా అది కాదు, ఆస్పత్రికి పోదాం అంటే ఎందుకంటుంది. ఎందుకో చెప్పాలంటే నా సంగతి చెప్పాల. ఆ గుంజాటనలోనే రోజులు పోయినాయి. నెల్లూరు తీసుకుపోయేసరికి నీకు మతి లేదు. నన్ను చూసి "షాపు తియ్యలేదా" అని అడిగినావు. అదే ఆఖరి మాట. ఊరంతా కామెర్లనే అనుకునింది. ఫ్లోరా గూడా అట్నే అనుకునింది.

దాని కాలేజీ పరీక్షలన్నీ అయిపోయినాక దాన్ని నెల్లూరు తీసుకోని పోయినా. కాలేజీకి కావాలని చెప్పి రక్తం తీయించినా. బిడ్డకి ఏమీ లేదయ్యా. ఆ కాగితం చూసి ఆస్పత్రి వరండాలోనే మోకాళ్ల మీద పడి దేవుడికి స్తోత్రం చెప్పినా. ఇంక టీకా ఒక్కటే అనుకున్నా.

షబీనా తెచ్చిన పెట్టె మీద మళ్లీ ఇంకో పేరు. నీలం పెట్టె పేరు కాదు, నువ్వు వద్దన్న పేరూ కాదు. నీ కూతురు దాన్ని చూసి, "ఈ కంపెనీ పేరే ఎప్పుడూ విన్లేదమ్మా. నాయన ఉంటే దీన్ని షాపు గడప తొక్కనిచ్చేవాడా? మంచి కంపెనీది వచ్చినాక వేయించుకుంటాలే. ఏమంత తొందర, నాకేమన్నా జబ్బా?" అనింది. షబీనా ఏదో చెప్పబోయి నా మొహం చూసి ఆగిపోయింది.

ఏమంత తొందర అని అడిగితే నేనేం చెప్పేది? నువ్వూ అదే గదయ్యా అన్నావు.

చెయ్యి పట్టుకోని బయటికి తెచ్చి, చెట్టు కింద బెంచీ మీద కూర్చోబెట్టినా. చెప్పేసినా. నీకిచ్చిన మాట తప్పినా. మీ నాయనకొచ్చింది ఉత్త కామెర్లు కాదమ్మా, నా రక్తంలో ఉన్నదే ఆయనకంటుకునింది అని చెప్పినా. అది నా నోటెంట నా బిడ్డకి చెప్పినా. నేనైతే అంతటితో ఆగిపోదాం అనుకున్నా. నా తప్పుగానే ఉండిపోనీ, నీ జోలికి రాకూడదనుకున్నా.

కానీ అది అంతటితో వినలా. "అయితే మంచి కంపెనీదే చూసుకోవాల గదా, ఇంకా జాగ్రత్తగా ఉండాల గదా" అనింది. చూసినావా నీ చదువు? నువ్వు మట్టిలో ఉన్నా నీ మాట అట్నే నిలబడుంది దాని తలలో.

అందుకని నీ సంగతి గూడా చెప్పేసినానయ్యా. ఇట్నే పెట్టె చూసి వద్దన్నాడు మీ నాయన, అందుకే పోయినాడు అని చెప్పినా. మీ నాయన తప్పు చేసినాడు అన్నా. ఆ మాటే అన్నా. పోలేరయ్య కథ చెప్పి సర్దిచెప్పుండొచ్చు, కానీ చెప్పలా. సర్దిచెప్తే మళ్లీ నీ పక్కకే పోతుందని భయమేసింది. దానికి నీ తర్వాతే గదా దేవుడైనా. ఆ మొహం చూళ్లేకపోయినా నేను. కొట్టినా అంత నొప్పి ఉండదేమో.

ఏడవలా అది. లేచి లోపలికి పోయి చెయ్యి చాపింది. పెట్టె వైపు గూడా చూళ్లా.

ఇంటికొచ్చినాక గోడ మీద నీ ఫోటోకి దండ మార్చడం మానేసింది. నాతో ఎంతవరకో అంతవరకే మాట. నేను అన్నం పెడితే తినదు, తనే పెట్టుకుంటుంది. కంచంతో రాదమ్మా ఆ జబ్బు అంటే, తెలుసు అంటుంది. తెలిసే పెట్టుకుంటుంది.

ఇయ్యాల రెండోది. నెల్లూరు పోతా పోతా నీ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం అన్నా. బండి ఆపిందిగాని లోపలికి రాలా. అదిగో, గేటు బయట స్కూటీ మీదే కూర్చునుంది, మొహం రోడ్డు పక్కకి తిప్పుకోని. హారన్ కొడతా ఉంది, వినపడిందా?

మనిద్దరి మీదా కోపమే దానికి. తిట్టుకోనీలే. నన్ను తిట్టుకోనీ, నిన్నూ తిట్టుకోనీ. తిట్టుకోవాలన్నా బిడ్డ బతికుండాల గదా.